ట్యాంకరు అడుగున మిగిలిన నీళ్ళు

మంగళవారం, ఉదయం 10 గంటల 20 నిమిషాలు. పోలీసు స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు గారి గది. గదిలో ఇన్‌స్పెక్టరు గారు, రాసుకునే రైటరు గారు, నేను ఉన్నాం. నన్ను ఎవరూ పిలిపించలేదు. నా అంతట నేనే వచ్చాను.

నన్ను ఊరంతా సున్నం అక్క అంటారు. వయసు యాభై ఒకటి. మూతపడ్డ బొగ్గు గని దగ్గర, గనిలోంచి పైకి పొంగే నీళ్ళలో సున్నం కలిపే పని చేస్తాను. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. పోయిన గురువారం నుంచి మీ స్టేషన్‌లో ఉన్న ట్యాంకరు డ్రైవరు నా సొంత తమ్ముడు. వాడికి నలభై నాలుగేళ్ళు. గ్యాసు బావికి తీసుకెళ్ళే నీళ్ళలో కావాలని సున్నం కలిపి, పంపు ఆపరేటరు కాలు విరగడానికి కారణమయ్యాడని వాడి మీద కేసు. ఆ సున్నం నా షెడ్డులోదని గ్యాసు కంపెనీ వాళ్ళు అంటున్నారు. అది సున్నం కాదు. అదేమిటో నాకు తెలిసింది. ఎలా వచ్చిందో కూడా తెలిసింది. అందులో తప్పు నాది. అది చెప్పడానికి వచ్చాను.

నా సంచిలో నీళ్ళున్న సీసాలు రెండు, ఖాళీ గాజు సీసా ఒకటి, మూత ఉన్న రేకు డబ్బా ఒకటి ఉన్నాయి. గేటు దగ్గర కానిస్టేబులు గారు అన్నీ మూత తీసి వాసన చూశారు. వాటితో తర్వాత పని పడుతుంది.

ముందు నీళ్ళ సంగతి చెప్పాలి. రైటరు గారు అసలు విషయానికి రమ్మంటున్నారు. అసలు విషయం నీళ్ళేనండి.

గని మూసేసి ఇరవై రెండేళ్ళయింది. పంపులు ఆపేశాక లోపల సొరంగాలన్నీ నిండి, పాత దారి నోట్లోంచి నీళ్ళు బయటికి రావడం మొదలైంది. బయటికొచ్చి గాలి తగిలాక అవి తుప్పు రంగుకి తిరుగుతాయి. వాగులో రాళ్ళన్నీ ఆ రంగే. చేప అనేది లేదు. అందుకని నాలుగు సిమెంటు తొట్లు కట్టి, అందులో సున్నం కలపడానికి నన్ను పెట్టారు. సున్నం కలిపితే తుప్పంతా అడుగుకి దిగుతుంది. పైన తేట నీళ్ళు వస్తాయి. చూస్తే మంచినీళ్ళే అనుకుంటారు. నాలిక మీద పెడితే చేదు. ఒకసారి పెట్టి చూశాను కాబట్టి చెబుతున్నాను.

గనికి పదకొండు కిలోమీటర్ల దూరంలో గ్యాసు బావులున్నాయి. భూమిలో చాలా లోతున ఉన్న రాతిలో గ్యాసు ఇరుక్కుని ఉంటుందట. నీళ్ళలో ఇసుక కలిపి గట్టి ఒత్తిడితో లోపలికి కొడితే రాయి పగుళ్ళిచ్చి గ్యాసు బయటికొస్తుంది. ఇది నాకు మా తమ్ముడు చెప్పాడు. రాతిని నీళ్ళతో పగలగొట్టడమేమిట్రా అని నేను నమ్మలేదు. వాడు నన్ను ట్యాంకరులో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు. వాడూ నాలాంటివాడే. ఏదైనా ఎలా పనిచేస్తుందో తెలిసేదాకా వాడికి అన్నం దిగదు.

ఒక్కో బావికి వెయ్యి ట్యాంకర్లకు తక్కువ కాకుండా నీళ్ళు కావాలి. రెండేళ్ళ కిందటి వరకు ఆ నీళ్ళన్నీ ఊరికి తాగునీళ్ళిచ్చే జలాశయంలోంచే తోడేవారు. ఆ ఎండాకాలం మా వీధి కుళాయి నాలుగు రోజులకొకసారి గంటసేపు వచ్చేది. బిందెల దగ్గర తోబుట్టువులే జుట్టుజుట్టు పట్టుకున్నారు. అప్పుడు పెద్దవాళ్ళెవరో కూర్చుని ఆలోచించి, మంచినీళ్ళెందుకు, ఎవరికీ పనికిరాని గని నీళ్ళు ఉన్నాయిగా, బావికి అవి సరిపోతాయి అన్నారు. అలా నా తొట్లలో తేరిన నీళ్ళు బావికి వెళ్ళడం మొదలైంది. కుళాయి మళ్ళీ రోజూ వచ్చింది. పదహారేళ్ళు నేను కలిపిన నీళ్ళు వాగులో వదిలేయడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. ఇప్పుడు ఊరికి కుళాయి రావడంలో నా చెయ్యి కూడా ఉందని నాకు చాలా గర్వంగా ఉండేది. ఆ గర్వమే కొంప ముంచింది.

మిగతా ట్యాంకర్లు బావి దగ్గర నీళ్ళు దించి ఖాళీగా తిరిగొస్తాయి. మా తమ్ముడి ట్యాంకరు ఒక్కటే వచ్చేటప్పుడు కూడా నీళ్ళు తెస్తుంది. బావిలోకి కొట్టిన నీళ్ళలో కొన్ని మళ్ళీ పైకి వస్తాయి. లోపలి రాళ్ళ ఉప్పంతా వాటిలో ఉంటుంది కాబట్టి వాటిని అందరం ఉప్పునీళ్ళు అంటాం. వాటిని నిలవచేసే గుంట మా గని వెనకే ఉంది. తమ్ముడు ఉప్పునీళ్ళు ఆ గుంటలో దించి, నా దగ్గరికొచ్చి గని నీళ్ళు నింపుకుని వెళతాడు. రోజుకి మూడు ట్రిప్పులు. గుంటలో దించాక ట్యాంకరుని రెండు డ్రమ్ముల మంచినీళ్ళతో కడగాలి. ఆ కుళాయి నా షెడ్డు పక్కనే ఉంది. దాని మీద ఒక బోర్డు ఉంది. ‘ట్యాంకరు కడిగిన తర్వాతే నింపవలెను’ అని ఉంటుంది. అంతే ఉంటుంది. ఇన్‌స్పెక్టరు గారు, ఈ మాట అలాగే రాయించండి. అంతే ఉంటుంది.

ఏడు వారాల కిందట, ఒక బుధవారం, ఉదయం 9 గంటల ప్రాంతంలో తమ్ముడు ట్యాంకరు కడుగుతుంటే నేను పక్కన నిలబడి చూస్తున్నాను. రెండు డ్రమ్ములంటే నాలుగు వందల లీటర్లు. మూడు ట్రిప్పులకి పన్నెండు వందలు. మా వీధిలో ఆరిళ్ళకి ఒక రోజు సరిపడే నీళ్ళు కళ్ళముందే మట్టిలోకి పోతున్నాయి. నాకు ఒళ్ళు మండింది. ‘మంచినీళ్ళు మిగలాలనే కదరా ఈ మురికినీళ్ళు మోస్తున్నావు? మురికినీళ్ళ బండికి మళ్ళీ మంచినీళ్ళ స్నానమేమిటి? మానెయ్’ అన్నాను. వాడు బోర్డు చూపించాడు. ‘ఎందుకని రాసుందా అందులో?’ అన్నాను. ‘లేదక్కా’ అన్నాడు. ‘అయితే ఎవరో తోచక రాయించి ఉంటారు’ అన్నాను. వాడు కుళాయి కట్టేశాడు. ఆ రోజు నుంచి కడగలేదు. నేను వద్దన్నాను కాబట్టి కడగలేదు. నేను వద్దన్నాను.

ట్యాంకరు ఎంత దించినా అడుగున రెండు మూడు వందల లీటర్లు మిగిలిపోతాయి. ఆ మిగిలిన ఉప్పునీళ్ళ మీదే గని నీళ్ళు నింపుతూ వచ్చాం.

మూడు వారాల కిందట, ఒక శుక్రవారం, సాయంత్రం 5 గంటలకు తమ్ముడు ఒక రేకు డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో తెల్లటి పెళ్ళలు, పొడి. ‘అక్కా, నీ సున్నం నా వాల్వులోకి వచ్చి కాపురం పెట్టింది. స్క్రూడ్రైవరుతో గీకాల్సి వచ్చింది’ అన్నాడు. నాకు రోషం వచ్చింది. పద్దెనిమిదేళ్ళలో నా తొట్టిలోంచి సున్నం దాటి పోయింది లేదు. ‘నా పనికి వంక పెట్టేంతవాడివయ్యావా?’ అన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. రెండు రోజులు మాట్లాడలేదు కూడా. ఆ డబ్బా షెడ్డులో బల్ల కింద పెట్టి మరిచిపోయాను. ఆ రోజు రోషపడకుండా డబ్బాని ఒకసారి చేత్తో ఎత్తి చూసి ఉంటే, పంపు ఆపరేటరు ఈ రోజు తన కాళ్ళ మీద నడుస్తుండేవాడు. నేను ఎత్తి చూడలేదు.

పోయిన గురువారం, ఉదయం 11 గంటల 40 నిమిషాలకు బావి దగ్గర ప్రమాదం జరిగింది. నేను అక్కడ లేను. విన్నది చెబుతున్నాను. ట్యాంకరులోంచి పెద్ద గొట్టంతో నీళ్ళు దించుతుంటే గొట్టం చివర ఉండే జల్లెడకి తెల్ల పెళ్ళలు అడ్డం పడ్డాయి. నీళ్ళకి దారి లేక గొట్టంలో ఒత్తిడి పెరిగింది. బిగింపు ఊడిపోయి గొట్టం ఎగిరి పంపు ఆపరేటరు ఎడమ కాలికి తగిలింది. మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. జల్లెడ విప్పి చూసిన సూపర్‌వైజరు, ఇది సున్నం, వీడి అక్క సున్నం షెడ్డులో పనిచేస్తుంది అన్నాడు. అంతకు ముందు వారమే ట్రిప్పుల విషయంలో ఆయనకీ తమ్ముడికీ మాటామాటా అయింది. మధ్యాహ్నం 3 గంటలకు తమ్ముణ్ణి ఇక్కడికి తీసుకొచ్చారు.

శుక్రవారం ఉదయం 10 గంటలకు నేను ఇక్కడికొచ్చి వాడితో అయిదు నిమిషాలు మాట్లాడాను. ఏమైందిరా అన్నాను. ‘ట్యాంకరు కడగడం మరిచిపోయానక్కా. అలాగే రాయించాను. నువ్వు ఇంటికి వెళ్ళు’ అన్నాడు. నాకు అర్థం కాలేదు. వాడు మరిచిపోయే మనిషి కాడు. కుళాయి దగ్గర నేనన్న మాట ఆ కంగారులో నాకు తట్టనే లేదు. పైగా కడక్కపోతే సున్నం ఎక్కడి నుంచి వస్తుంది? దారంతా అదే ప్రశ్న. బస్సులో దిగాల్సిన చోట దిగడం కూడా మరిచిపోయి తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను.

నేరుగా షెడ్డుకి వెళ్ళి బల్ల కింది డబ్బా తీశాను. ఎత్తగానే తెలిసింది. సున్నానికి అంత బరువు ఉండదు. అలాంటిదే మరో డబ్బాలో సున్నం నింపి రెండు చేతుల్లో పట్టుకున్నాను. తమ్ముడి డబ్బా రెండింతలు బరువుంది. పద్దెనిమిదేళ్ళు సున్నం మోసిన చేతులండి ఇవి, పొరపాటు పడవు. ఇంటికెళ్ళి రెండు గ్లాసుల్లో వెనిగరు పోశాను. ఒకదాంట్లో షెడ్డు నేల మీద గట్టిపడ్డ సున్నం ముక్క వేశాను. బుసబుసా పొంగి, అరగంటలో పూర్తిగా కరిగిపోయింది. రెండో దాంట్లో తమ్ముడి పెళ్ళ వేశాను. అది బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. సాయంత్రం 6 గంటల దాకా చూశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మా ఆయన అదే గనిలో పనిచేసి మానేసినవాడు. తక్కువ మాట్లాడతాడు. ‘సున్నం కాదని తేలిందిగా. మరి ఏమిటి?’ అన్నాడు. ఏమిటో తెలిస్తే నేను గ్లాసు ముందు ఎందుకు కూర్చుంటాను అన్నాను. ‘ట్యాంకరులో ఏమేం పోస్తారు?’ అన్నాడు. గని నీళ్ళు, ఉప్పునీళ్ళు. రెండూ తేటగానే ఉంటాయి. అందులో తెల్లది ఎక్కడుంది?

శనివారం ఉదయం 8 గంటలకు ఉప్పునీళ్ళ గుంట వాచ్‌మన్ని అడిగి ఒక సీసా నింపుకున్నాను. నా తొట్టిలోంచి ఒక సీసా నింపుకున్నాను. ఇంటికొచ్చి వంటింటి కిటికీ దగ్గర, వెలుతురులో, ఖాళీ సీసాలో ముందు గని నీళ్ళు సగం పోశాను. తేటగా ఉన్నాయి. వాటిమీద ఉప్పునీళ్ళు పోశాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత మధ్యలో పొగలాగా లేచి, సీసా మొత్తం తెల్లబడిపోయింది.  అబద్ధమెందుకు, సంతోషం వేసింది. తమ్ముడు లాకప్పులో ఉన్నాడు, ఒకాయన కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు, నేను సీసా చూసి చిన్నపిల్లలా సంతోషపడ్డాను. మళ్ళీ చేశాను. ఈసారి ముందు ఉప్పునీళ్ళు పోశాను. అలాగే వచ్చింది. నాలుగుసార్లు చేశాను. పొయ్యి మీద పెట్టింది మాడిపోయింది. మా ఆయన వచ్చి చూసి, ‘పాలు విరగడం చూశాను గానీ, నీళ్ళు విరగడం ఇదే చూడటం’ అన్నాడు. గంట తర్వాత తెల్లదంతా అడుగుకి దిగింది. వేలితో తీసి రుద్ది చూశాను. డబ్బాలో ఉన్న పొడిలాగే ఉంది.

అప్పుడు నాకు బుధవారం గుర్తొచ్చింది. కుళాయి గుర్తొచ్చింది. నేనన్న మాట గుర్తొచ్చింది. 

ఆదివారం సాయంత్రం 4 గంటలకు ఆసుపత్రికి వెళ్ళాను. పంపు ఆపరేటరు కాలికి తొడ దాకా కట్టు ఉంది. ఆయన భార్య పక్కన కూర్చుని పండు ఒలుస్తోంది. నా వైపు చూడలేదు. చూడకపోవడమే న్యాయం. నేను జరిగిందంతా చెప్పాను. నా నోటిమాట వల్లే కడగలేదని ఇంకెవరికీ చెప్పకముందే ఆయనకి చెప్పాను.  ఆయన ‘రెండూ తేట నీళ్ళేనా అక్కా?’ అన్నాడు. తేట నీళ్ళే అన్నాను. ‘వెళ్ళి స్టేషన్‌లో చెప్పు. కాలు ఎలాగూ విరిగింది. ఎందుకు విరిగిందో అయినా సరిగ్గా రాయాలి కదా’ అన్నాడు. ఆయన భార్య అప్పుడు తలెత్తి, ‘ఇంత తెలుసుకున్నదానివి, ఏడు వారాల ముందు ఎందుకు తెలుసుకోలేదు?’ అంది. ఆ మాట కూడా రాయించండి. 

తొట్లలో నీళ్ళు పరీక్షించడానికి ల్యాబు మేడం ప్రతి సోమవారం వస్తారు. నిన్న ఉదయం 9 గంటల 30 నిమిషాలకు ఆవిడకి సీసా చూపించాను. ఆవిడ ఒక్క చూపులో పోల్చుకున్నారు. గని నీళ్ళలో సల్ఫేటు అనేది కరిగి ఉంటుందట. ఉప్పునీళ్ళలో బేరియం అనేది కరిగి ఉంటుందట. వేరువేరుగా ఉన్నంతకాలం రెండూ కంటికి కనబడవు. కలిస్తే మాత్రం రాయి అయిపోతాయి. ఆ రాయి వెనిగరుకే కాదు, ఎంత ఘాటు యాసిడ్‌కైనా లొంగదట. అందుకే కడగమనేది అన్నారు. మరి ఆ మాట బోర్డు మీద ఎందుకు రాయలేదు మేడం అని అడిగాను. ‘చెబితే అర్థం కాదనుకున్నారేమో అక్కా’ అన్నారు. నాకు అర్థమైందిగా అన్నాను. 

ఉప్పునీళ్ళలో రేడియం అనేది కూడా కొంచెం ఉంటుందని, అది ఆ తెల్లదాంట్లో చేరుతుందని కూడా చెప్పారు. సీసా ఎక్కడ ఉంచారని అడిగితే వంటింటి కిటికీలో అన్నాను. ఆవిడ ముఖం మారింది. ఈ కొంచెంతో భయం లేదు గానీ వంటింట్లో ఉంచే వస్తువు కాదన్నారు. పాత సీసా తనే తీసుకెళ్ళారు. ఇవన్నీ రాసి సంతకం పెట్టి ఒక కాగితం ఇచ్చారు. దాన్ని ఇన్‌స్పెక్టరు గారికి ఇస్తున్నాను. ఎవరైనా పిలిస్తే వచ్చి చెబుతానన్నారు.

ఇంకొకటి అడిగాను. ఇక గని నీళ్ళు బావికి పనికిరావా, మళ్ళీ జలాశయం మీద పడతారా అని. ఆవిడ లేదన్నారు. కలవాల్సిన రెండూ ట్యాంకరులో కాక ముందే ఒక తొట్టిలో కలిసి, తెల్లదంతా అక్కడే దిగిపోతే, పైన తేరిన నీళ్ళు గొట్టాలకి ఇంకా మంచివట. ఉప్పునీళ్ళు కూడా మళ్ళీ వాడుకున్నట్టు అవుతుందట. అడుగున దిగింది మాత్రం జాగ్రత్తగా వేరే చోట పూడ్చాలి. నా దగ్గర నాలుగు తొట్లున్నాయి, ఒకటి ఇస్తాను అన్నాను. తర్వాత గుర్తొచ్చింది, నా ఉద్యోగమే ఉంటుందో లేదో.

ఉదయం 11 గంటల 25 నిమిషాలకు ఇన్‌స్పెక్టరు గారి బల్ల మీద కాగితాలు పక్కకి జరిపి రెండు సీసాల్లోంచి కొంచెం కొంచెం నీళ్ళు ఖాళీ సీసాలో కలిపాను. తెల్లబడింది. రైటరు గారు రాయడం ఆపి చూస్తుంటే రాయండి అని నేనే చెప్పాల్సి వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు ముందు నమ్మలేదు. సీసా కడిగించి, తనే మళ్ళీ కలిపి చూశారు. తర్వాత ఆయన్ని చేతులు కడుక్కోమన్నాను. కడుక్కున్నారు. నేను తెచ్చిన డబ్బానీ, జల్లెడలో దొరికిన పొడినీ ల్యాబుకి పంపిస్తామన్నారు.

11 గంటల 50 నిమిషాలకు నా తమ్ముణ్ణి ఈ గదిలోకి తీసుకొచ్చారు. అయిదు రోజుల గడ్డంతో ఉన్నాడు. నన్ను చూడగానే, ‘ఎందుకొచ్చావక్కా? వెళ్ళమన్నానుగా’ అన్నాడు.  బల్ల మీద సీసా వైపు చూపించాను. వాడు దగ్గరికెళ్ళి వంగి చూశాడు. ‘ఇది మన నీళ్ళేనా?’ అన్నాడు. అవునన్నాను. ‘ముందు ఏది పోశావు?’ అన్నాడు. ఏది ముందు పోసినా అంతేరా అన్నాను. వాడు దాన్నే చూస్తూ ఉన్నాడు. చేతికి బేడీలున్న సంగతి మరిచిపోయి సీసా ఎత్తబోయాడు.

రైటరు గారిని ఒకటి అడుగుతున్నాను. శుక్రవారం వాడు ఇచ్చిన వాంగ్మూలంలో కడగడం మరిచిపోయానని ఉంది. నా పేరు ఎక్కడా లేదు. నాకు పెన్షను మూడేళ్ళలో ఉందని వాడికి తెలుసు. ఆ మాట కొట్టేయడం కుదరదని రైటరు గారు అంటున్నారు. అయితే ఇక్కడైనా రాయండి. వాడు మరిచిపోలేదు. అక్క చెప్పింది విన్నాడు.

నేను చెప్పింది ఇంతే. రైటరు గారు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించారు. రెండు చోట్ల టైము తప్పు పడితే దిద్దించాను. ఇందులో ఉన్నది నేను కళ్ళారా చూసింది, చేత్తో చేసింది, విన్నచోట విన్నానని చెప్పింది. ఎవరి బలవంతమూ లేదు. ఇదంతా నిజం.

సంతకం: సున్నం అక్క

గమనిక: వాంగ్మూలం ఇచ్చిన వ్యక్తి ఎడమ బొటనవేలి ముద్ర మూడుసార్లు తీసుకోవడమైనది. సున్నం పని వల్ల వేలి గీతలు అరిగిపోయినందున మూడుసార్లూ నల్లటి మచ్చ తప్ప ఏమీ పడలేదు. సంతకం ఆమెదేనని గుర్తించి సాక్షిగా ఆమె తమ్ముడు దాని కింద సంతకం చేశాడు. అందుకోసం బేడీలు తీయడమైనది.